పిలిచింది ఎవరైనా అదే అంకె

మామూలు సాక్షి తను చూసింది చెప్తాడు. లారీ ఎటునుంచి వచ్చింది, కాగితం మీద సంతకం ఎవరు పెట్టారు, ఆ రోజు అక్కడ ఎవరెవరున్నారు, ఇవీ అతని మాటలు. ఆర్థికవేత్త సాక్షిగా వచ్చినప్పుడు చెప్పాల్సింది జరగనిదాని గురించి. ప్రమాదమే జరగకపోయి ఉంటే ఆ మనిషి ఇంకా ఎన్నేళ్ళు ఎంతెంత సంపాదించేవాడు? కంపెనీలు కుమ్మక్కు కాకపోయి ఉంటే సరుకు ఎంతకు దొరికేది? జాతి చూడకుండా ఉంటే ఒక యూనివర్సిటీలో సీటు ఎవరికి వచ్చేది? ఆ లోకాన్ని కంటితో చూసినవాళ్ళు లేరు. అందుకే ఆ లెక్కకు కాపలా ఉండాల్సింది ముందుగా లెక్క వేసిన మనిషే.

ఈ అధ్యాయం ఎకనామిక్స్ చదివి ఎప్పుడో ఒకప్పుడు కోర్టు మెట్లెక్కబోయేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఒకరి దగ్గర ఫీజు తీసుకుని ఇంకొకరి ముందు అభిప్రాయం చెప్పే వృత్తి ఏదైనా సరే, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఆస్తుల విలువ కట్టేవాళ్ళు, ఇంజనీర్లు, డాక్టర్లు, వాళ్ళకూ ఇది పనికొస్తుంది. డబ్బిచ్చేది ఒకరు, నమ్మాల్సింది మరొకరు. ఈ ఇరుకులో మనిషి నిలబడటం ఎలా అన్నదే ఇక్కడ మన విషయం.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో సొంతంగా లారీ రిపేర్లు చేసుకునే 32 ఏళ్ళ మెకానిక్, నెలకు 20 వేల ఆదాయం. రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఇంట్లో తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. ఇలాంటి కేసు మోటారు యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వచ్చినప్పుడు లెక్క ఎలా నడుస్తుందో ప్లీడర్లకు కంఠతా వచ్చు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోనూ, 2017లో ప్రణయ్ సేఠీ కేసులోనూ దారి వేసిపెట్టింది. ఏడాదికి 2,40,000. సొంత పని చేసుకునే 40 ఏళ్ళలోపు మనిషి గనక భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 3,36,000. ఆధారపడ్డవాళ్ళు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 2,52,000. ఆ వయసుకు మల్టిప్లయర్, అంటే ఏడాది నష్టాన్ని గుణించాల్సిన అంకె, 16. మొత్తం 40,32,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చులాంటి పద్దులు దీనికి అదనం.

ఇప్పుడు ఇదే కుటుంబానికి ఒక ఆర్థికవేత్త మొదటినుంచి లెక్క వేశాడనుకోండి. 60 ఏళ్ళదాకా పనిచేసేవాడంటే ఇంకా 28 ఏళ్ళు. అతని సొంత ఖర్చు నాలుగో వంతు పోను ఇంటికి అందేది ఏడాదికి 1,80,000తో మొదలు. ఆదాయం ఏటేటా పెరుగుతుంది. కానీ 28 ఏళ్ళ డబ్బు ఒక్కసారే చేతికొస్తే దానికి వడ్డీ కూడా వస్తుంది, అందువల్ల రేపటి రూపాయిని ఈరోజు తగ్గించి కట్టాలి. వడ్డీలోంచి ఆదాయం పెరుగుదలను తీసేయగా మిగిలేదే నికర డిస్కౌంట్ రేటు. ఆ రేటు 1 శాతం అంటే కుటుంబానికి రావాల్సింది దాదాపు 43 లక్షల 77 వేలు. 3 శాతం అంటే 33 లక్షల 78 వేలు. అమెరికా సుప్రీంకోర్టు 1983లో జోన్స్ అండ్ లాఫ్లిన్ స్టీల్ వర్సెస్ ఫైఫర్ కేసులో, కింది కోర్టు కారణం చెప్పి 1 నుంచి 3 శాతం మధ్య ఏ రేటు తీసుకున్నా తప్పుపట్టబోమని రాసింది. అంటే పెద్దలు ఆమోదించిన హద్దుల్లోనే ఉంటూ, ఏ అబద్ధమూ ఆడకుండా, ఒక మెకానిక్ కుటుంబానికి 10 లక్షలు ఇప్పించవచ్చు, లేదా 10 లక్షలు కోయవచ్చు.

మన ట్రిబ్యునల్ లెక్కలో దాగి ఉన్న రేటు ఎంతో కూడా కట్టి చూడొచ్చు. 40 శాతం పెంపు, 16 మల్టిప్లయర్, 28 ఏళ్ళ పని కలిపి చూస్తే ఈ మెకానిక్ విషయంలో అది 1.6 శాతం దగ్గర తేలుతుంది. ఎక్కువ చదువు లేకుండా గుణకారం చేసుకునే పద్ధతి ఇంత సబబైన చోటికి చేరడం నాకు గౌరవం కలిగించే విషయం.

బాధితుల తరఫున వచ్చిన నిపుణుడి చేతికి 1 శాతం, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున వచ్చినవాడి చేతికి 3 శాతం వాటంతటవే అందుతాయి. ఇద్దరి దగ్గరా కారణాలుంటాయి, అవి చదవడానికి బాగానే ఉంటాయి. కానీ ఒకే మనిషి సోమవారం బాధితుల కోసం 1 శాతం, గురువారం కంపెనీ కోసం 3 శాతం వాడితే? కొనేటప్పుడు ఒక తూకపురాయి, అమ్మేటప్పుడు ఇంకో తూకపురాయి తీసే వ్యాపారిని ఊళ్ళో ఏమంటారో మనకు తెలుసు. నిపుణ సాక్షికి నేను చెప్పదలచింది ఒక్కటే: మిమ్మల్ని అవతలి పక్షం పిలిచి ఉంటే ఏ అంకె చెప్పేవారో అదే అంకె చెప్పండి. మిగతాదంతా ఈ మాట నిలబెట్టుకోవడానికి కావలసిన సాధన.

ఒప్పుకునే ముందు

సాధన మొదలయ్యేది కేసు ఒప్పుకోక ముందే. ప్లీడరు ఫోన్ చేసి, "సార్, మీలాంటివారు చెప్తే కోర్టు కాదనదు" అన్నప్పుడు మనసు కాస్త పొంగుతుంది. ఆ పొంగు దిగేదాకా జవాబివ్వకండి. ముందు ప్రశ్నను కాగితం మీద పెట్టమనండి. "మా క్లయింటుకు జరిగిన నష్టం ఎంతో తేల్చండి" అన్న ప్రశ్నలో నష్టం జరిగిందన్న జవాబు ముందే కూర్చుంది. "నష్టం జరిగిందా, జరిగితే ఎంత" అని మార్పించండి. ఆ చిన్న మార్పుకు ప్లీడరు ఒప్పుకోలేదంటే ఆయనకు కావలసింది మీ చదువు కాదు, మీ పేరు. మర్యాదగా తప్పుకోండి.

తర్వాతది ఫీజు. గంటకు ఇంతనో పనికి ఇంతనో ముందే రాసుకోండి, గెలుపుతో దానికి ముడి పెట్టకండి. అమెరికాలో ఈ పని చేసేవాళ్ళ సంఘం, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఫోరెన్సిక్ ఎకనమిక్స్, తన నీతి నియమావళిలో దీన్ని సూటిగా చెప్పింది: గెలుపుమీదా, వచ్చే పరిహారంమీదా ఆధారపడే ఫీజు తీసుకోరాదు. ఏ పక్షం పిలిచినా మూల పద్ధతి మారకూడదన్నదీ ఆ నియమావళిలో ఉంది. ఇంగ్లండులో అయితే సివిల్ ప్రొసీజర్ నిబంధనల 35వ భాగం ప్రకారం నిపుణుడి బాధ్యత కోర్టుకే, డబ్బిచ్చిన పక్షం తర్వాతే. తన నివేదికలో ఆ మాట ఒప్పుకుంటూ అతను సంతకం చేయాలి. 2011లో అక్కడి సుప్రీంకోర్టు జోన్స్ వర్సెస్ కేనీ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసి, నిర్లక్ష్యంగా పనిచేసిన నిపుణుడి మీద పిలిచిన క్లయింటే దావా వేయవచ్చంది. ఆస్ట్రేలియాలో ఇరుపక్షాల నిపుణుల్నీ ఒకేసారి కూర్చోబెట్టి, జడ్జి ఎదుటే ఒకరినొకరు ప్రశ్నించుకునేలా చేసే పద్ధతి బాగా నడుస్తోంది. నాకు చాలా నచ్చిన పద్ధతి అది. ప్లీడరు అడ్డం లేకుండా తోటి ఆర్థికవేత్త కళ్ళలోకి చూస్తూ బలహీనమైన మాట అనడం చాలా కష్టం.

మీరు గతంలో రాసినవన్నీ ఒకసారి తిరగేయండి. 1999లో వాషింగ్టన్‌లో మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ప్రభుత్వం నడిపిన గుత్తాధిపత్యం కేసులో కంపెనీ తరఫున సాక్ష్యం చెప్పిన రిచర్డ్ ష్మాలెన్సీ మామూలు మనిషి కాదు, అప్పట్లో ఎంఐటీ స్లోన్ స్కూలు డీన్. ప్రభుత్వ ప్లీడరు డేవిడ్ బోయిస్ 1982 నాటి హార్వర్డ్ లా రివ్యూ తీసి, ష్మాలెన్సీ స్వయంగా రాసిన వ్యాసాన్ని ఆయన ముందు పెట్టాడు. ఏళ్ళ తరబడి వచ్చే అధిక లాభాల్ని మార్కెట్ ఆధిపత్యానికి గుర్తుగా ఆ వ్యాసం చూసింది. ఆ రోజు బోనులో ఆయన చెప్తున్నది దానికి ఎదురు. అప్పుడు తనేం ఆలోచించి రాశానో అన్న ధోరణిలో జవాబు చెప్పాల్సి వచ్చింది. అభిప్రాయం మార్చుకోవడం నేరమేమీ కాదు, ఎప్పుడు, ఎందుకు మార్చుకున్నారో నివేదికలోనే మీరు ముందుగా చెప్పి ఉండాలి. అవతలివాడు తీసి చూపించాక ఇచ్చిన వివరణకు బలం ఉండదు.

అదే కేసులో ప్రభుత్వం తరఫున వచ్చిన ఎంఐటీ ఆర్థికవేత్త ఫ్రాంక్లిన్ ఫిషర్‌ను, ఇంతవరకు వినియోగదారులకు నష్టం జరిగిందా అని అడిగారు. మొత్తం మీద చూస్తే ఇప్పటిదాకా లేదనే అనుకుంటాను అన్న అర్థంలో ఆయన జవాబిచ్చాడు. తనను పిలిచిన పక్షానికి అంతకంటే ఇబ్బందికరమైన జవాబు ఇంకోటి ఉండదు. మైక్రోసాఫ్ట్ దాన్ని పండగలా చెప్పుకుంది. కానీ 1999 నవంబరులో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ ఇచ్చిన నిర్ధారణలు ప్రభుత్వం వైపే వచ్చాయి. ఆ తర్వాత ఆయనిచ్చిన తీర్పులో కొంత 2001లో అప్పీలు కోర్టు కొట్టేసినా, కంపెనీ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుందన్న మూల నిర్ణయాన్ని ఉంచింది. ఒప్పుకోవలసిన చోట ఒప్పుకున్న సాక్షి మిగతా మాటలకు విలువ పెరుగుతుంది. పిలిచినవాళ్ళ ముఖం చిన్నబోతుందని జవాబు మింగేసే అలవాటు మనకుంది. పెళ్ళి సంబంధాల్లోనూ ఉద్యోగాల్లోనూ ఆ మొహమాటం పనికొస్తే రావచ్చు గానీ బోనులో పనికిరాదు.

లెక్కలోకి ఏది, బయటికి ఏది

ఒకే డేటా, ఇద్దరు పెద్ద ఆర్థికవేత్తలు, రెండు జవాబులు. 2018లో బోస్టన్‌లో విచారణ జరిగిన హార్వర్డ్ యూనివర్సిటీ అడ్మిషన్ల కేసు ఇందుకు మంచి పాఠం. ఆసియా మూలాల విద్యార్థుల పట్ల వివక్ష ఉందన్నది ఫిర్యాదు. మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో ఇలాంటి యూనివర్సిటీలకు అప్లికేషన్లు పెడతారు కనుక ఈ కేసు మనకు దూరపుదేమీ కాదు. ఫిర్యాదీల తరఫున డ్యూక్ యూనివర్సిటీ నుంచి పీటర్ ఆర్సిడియాకొనో, హార్వర్డ్ తరఫున బర్కిలీ నుంచి డేవిడ్ కార్డ్ వచ్చారు. కార్డ్‌కు తర్వాత 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇద్దరికీ లక్షన్నరకు పైగా అప్లికేషన్ల వివరాలు అందాయి.

తేడా వచ్చింది ఎక్కడ? హార్వర్డ్ ప్రతి అభ్యర్థికీ వ్యక్తిత్వానికి ఒక రేటింగ్ ఇచ్చేది. అందులో ఆసియా మూలాల పిల్లలకు సగటున తక్కువ వచ్చింది. ఆ రేటింగే వివక్షతో కలుషితమైంది, కాబట్టి మోడల్లో పెట్టకూడదన్నాడు ఆర్సిడియాకొనో. అది నిజమైన సమాచారం, తీసేస్తే బొమ్మ వంకరపోతుందన్నాడు కార్డ్. క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు లాంటి ప్రత్యేక అభ్యర్థుల్ని విశ్లేషణలో ఉంచాలా వద్దా అన్నదానిమీదా ఇద్దరికీ పడలేదు. 2019లో జిల్లా కోర్టు జడ్జి యూనివర్సిటీ వైపు తీర్పిచ్చింది. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది, అయితే జాతి ఆధారంగా ప్రాధాన్యం ఇవ్వవచ్చా అన్న రాజ్యాంగ, చట్ట ప్రశ్న మీదే. ఇద్దరి మోడళ్ళలో ఏది సరి అని తేల్చినందువల్ల కాదు.

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడారని నేననుకోను. ఏది లెక్కలోకి రావాలి అన్న ప్రశ్నకు గణితం జవాబు చెప్పదు, మనిషే చెప్పాలి. మీకు అలాంటి నిర్ణయం ఎదురైనప్పుడు రెండు విధాలుగానూ చేసి రెండు ఫలితాల్నీ నివేదికలో పెట్టండి. ఒకదాన్ని ఎందుకు ఎంచుకున్నారో రాయండి. రెండోది ఫైల్లో దాచి పెట్టుకుంటే, క్రాస్ ఎగ్జామినేషన్లో అది మీ చేతుల్లోంచే బయటికొస్తుంది.

మన దేశంలో ఈ ప్రశ్న ఎక్కువ నొప్పించేది ఇంటి ఇల్లాలి విషయంలో. జీతం లేని మనిషి చనిపోతే నష్టం ఎంత? 1989 మార్చిలో జంషెడ్‌పూర్‌లో ఒక వేడుకలో జరిగిన అగ్నిప్రమాదం మీద లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు 2001లో గృహిణి సేవల్ని నెలకు 3,000 రూపాయలుగా లెక్కగట్టింది. 2021 జనవరి 5న కీర్తి వర్సెస్ ఓరియెంటల్ ఇన్సూరెన్స్ తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ, అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం మనిషి, విడిగా ఒక అభిప్రాయం రాశారు. ఇంటి పనికి ఆదాయం ఊహించి కట్టడం ఆ శ్రమకు గుర్తింపని ఆయన వాదం. దానికి ఆధారంగా జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వేని తీసుకున్నారు: ఇంటి పనుల మీద ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. ఇంట్లోవాళ్ళ ఆలనాపాలనా మీద ఆడవాళ్ళు 134 నిమిషాలు, మగవాళ్ళు 76.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించండి. బాధితుల తరఫున వచ్చిన ఉత్సాహవంతుడైన నిపుణుడు 299, 134 కూడేసి రోజుకు 433 నిమిషాలు, అంటే ఏడు గంటల పైమాట అని రాసేస్తాడు. రాయకూడదు. ఆ సగటులు ఆయా పనుల్లో పాల్గొన్నవాళ్ళవి. ఇంటి పని చేసే ఆడవాళ్ళందరికీ చూసుకోవాల్సిన పసిపిల్లలో ముసలివాళ్ళో ఉండరు. రెండు వేర్వేరు గుంపుల సగటుల్ని కూడటం తప్పు. అవతలి ప్లీడరు పక్కన కాస్త లెక్క తెలిసినవాడు కూర్చుంటే ఐదు నిమిషాల్లో మీ నివేదిక మొత్తం మీద అనుమానం చల్లుతాడు. అప్పుడు నష్టపోయేది మీరు కాదు, తల్లిని పోగొట్టుకున్న పిల్లలు. న్యాయమైన కేసుకు అతిశయోక్తి చేసినంత కీడు ఎదుటివాడు కూడా చేయలేడు.

ఇంటి పనికి విలువ కట్టే దార్లు ముఖ్యంగా మూడు. ఆమె బయట పనిచేసి ఉంటే వచ్చే జీతం చూడటం ఒకటి. ఆ పనులకు మనుషుల్ని పెట్టుకుంటే అయ్యే ఖర్చు రెండోది. పెళ్ళిని భాగస్వామ్యంగా చూసి భర్త ఆదాయంలో సగం ఆమెదనడం మూడోది. నా మటుకు రెండోదే కోర్టులో ఎక్కువ నిలబడుతుందనిపిస్తుంది, ఎందుకంటే వంటమనిషి జీతం, ఆయా జీతం, ట్యూషన్ ఫీజు ఊళ్ళో అడిగి తెలుసుకోవచ్చు. కానీ నెల ఖర్చులు చూసుకోవడం, పిల్లవాడికి జ్వరం వస్తే రాత్రంతా మేలుకోవడం, అత్తమామల మందులు గుర్తుపెట్టుకోవడం ఆ జీతాల జాబితాలోకి రావు. రాలేదని నివేదికలో స్పష్టంగా రాయండి. ఇది కనీస విలువ అని చెప్పిన సాక్షిని జడ్జి నమ్ముతాడు, మిగిలినది చూసుకోవడం ఆయన పని.

మనిషి పోయాక రూపాయల్లో లెక్క కట్టడమేమిటని నొచ్చుకునేవాళ్ళుంటారు. వాళ్ళ బాధ నాకర్థమవుతుంది. అయితే లెక్క లేకుండా వదిలేస్తే ఏమవుతుందో 2023లో సియాటెల్‌లో చూశాం. పోలీసు వాహనం ఢీకొని మన తెలుగు విద్యార్థిని చనిపోయింది. ఆమెకున్నది పరిమితమైన విలువేననీ, 11,000 డాలర్ల చెక్కు రాస్తే చాలనీ ఒక పోలీసు అధికారి ఫోనులో అన్న మాటలు అతని ఒంటిమీది కెమెరాలోనే రికార్డయ్యాయి. పై చదువు చదువుతున్న అమ్మాయి ముందు నలభై ఏళ్ళ పని జీవితం ఉంటుంది. ఆ చదువుకు ఎంత జీతం వస్తుంది, ఏటా ఎంత పెరుగుతుంది, ఇంటికి ఎంత పంపేది అని ఓర్పుగా వరస పేర్చి చెప్పగలిగిన మనిషి ఉన్నచోట అలాంటి మాట నిలవదు. ఈ వృత్తి మీద నాకున్న గౌరవానికి అసలు కారణం ఇదే.

జడ్జి వేలు పెట్టి చదవగలిగేలా

కునాల్ సాహా కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. కోల్‌కతాలో వైద్య నిర్లక్ష్యం వల్ల ఆయన భార్య, అమెరికాలో స్థిరపడిన చైల్డ్ సైకాలజిస్టు, 1998లో చనిపోయింది. పరిహారం కోసం ఒక అమెరికన్ ఆర్థికవేత్త ఆదాయ నష్టాన్ని 50 లక్షల డాలర్లకు పైగా లెక్కగట్టి సాక్ష్యమిచ్చాడు. 2013లో సుప్రీంకోర్టు ఆ అంకెను యథాతథంగా తీసుకోలేదు, తనే ఒక లెక్క వేసుకుంది. ఏడాదికి 40,000 డాలర్ల ఆదాయం, దానికి 30 శాతం పెంపు, అందులో మూడో వంతు తగ్గింపు, డాలరుకు 55 రూపాయలు, 30 ఏళ్ళు. ఆదాయ నష్టం కింద 5,72,00,550 రూపాయలు, ఇతర పద్దులతో మొత్తం 6,08,00,550 రూపాయలు.

30 ఏళ్ళను నేరుగా గుణించడంలో డిస్కౌంట్ ఎక్కడా లేదే అని ఆర్థికవేత్త కంటికి వెంటనే తడుతుంది. కానీ ఆ లెక్కలో ఐదే ఐదు అడుగులున్నాయి, ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. కోర్టు తను నడవగలిగిన దారిలోనే నడుస్తుంది. మీ మోడల్ ఎంత గొప్పదైనా చివరికి దాన్ని ఒక పేజీలోకి తేవాలి: మొదలు ఇంత, కలిపింది ఇంత, తీసేసింది ఇంత, ఎన్నేళ్ళు, ఏ రేటు, ప్రతిదానికీ ఆధారం ఏ కాగితం. ఆ పేజీ మీరు ఇవ్వకపోతే జడ్జి తనే తయారుచేసుకుంటాడు, అందులో మీ రేటు ఉండదు.

అమెరికాలో 2018లో ఏటీ అండ్ టీ, టైమ్ వార్నర్ విలీనం కేసులో ప్రభుత్వం తరఫు ఆర్థికవేత్త కార్ల్ షపీరో పేరున్నవాడు. విలీనమైతే ఒక్కో టీవీ చందాదారు మీద నెలకు దాదాపు 27 సెంట్ల భారం పడుతుందని ఆయన మోడల్ చెప్పింది. జడ్జి రిచర్డ్ లియాన్ ఆ మోడల్లోకి పోసిన అంకెల్ని ఒక్కొక్కటే పట్టుకుని, దేనికీ గట్టి ఆధారం లేదని పక్కన పెట్టేశాడు. విలీనం జరిగిపోయింది. ఏ సిద్ధాంతం కూలినా ముందుగా కూలేది దాని ఇన్‌పుట్లే. అందుకే మన మెకానిక్ కేసులో నెలకు 20 వేలు అన్న మొదటి అంకెకే మీ కష్టంలో సగం పెట్టండి. బిల్లు పుస్తకం ఉందా, యూపీఐ జమలు ఏం చెప్తున్నాయి, పక్క షెడ్డులో అదే పనికి ఎంత వస్తోంది, వానాకాలంలో పని తగ్గుతుందా. చిన్న సంపాదనల దేశంలో రుజువులు కాగితాల మీద తక్కువ, మనుషుల దగ్గర ఎక్కువ. వెళ్ళి అడగండి.

ఇక బోను. మన సివిల్ కోర్టుల్లో చీఫ్ ఎగ్జామినేషన్, అంటే పిలిచిన పక్షం కోసం చెప్పే సాక్ష్యం, అఫిడవిట్ రూపంలోనే దాఖలవుతుంది, మీరు నోటితో ఎక్కువగా చెప్పేది క్రాస్‌లోనే. నాలుగు జవాబులు నిస్సంకోచంగా చెప్పడం అలవాటు చేసుకోండి: అవును, కాదు, నాకు తెలియదు, అది నా రంగం కాదు. ఫీజు ఎంత తీసుకున్నారని అడుగుతారు, అంకె చెప్పేయండి, సంజాయిషీ వద్దు. "ఒకవేళ అతను 50 ఏళ్ళకే పని మానేసి ఉంటే?" అంటారు. అలా అనుకుంటే మొత్తం తగ్గుతుంది, ఇంత తగ్గుతుంది, కానీ అలా అనుకోవడానికి నాకు ఆధారం కనబడలేదు అనండి. ఆ లెక్క ముందే వేసుకుని వెళ్ళాలని వేరే చెప్పక్కర్లేదు. మీరు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో టైపవుతున్న చోట సంతకం పెట్టేముందు ప్రతి వాక్యమూ చదవండి. "సుమారు" అన్నది మాయమైపోయి ఉండొచ్చు, "ఆ షరతు మీద" అన్న ముక్క రాలిపోయి ఉండొచ్చు. దిద్దమని అడగడానికి వెనుకాడకండి.

ఇంటి దగ్గర చేయాల్సిన సాధన ఒకటుంది, ఇది లేకుండా మిగతావేవీ నిలవవు. నివేదిక పూర్తయ్యాక, సంతకానికి ముందు, అవతలి పక్షం మిమ్మల్ని పిలిచిందనుకుని అదే నివేదికను మళ్ళీ మొదటినుంచి రాయండి. అదే డేటా, అదే మీరు. రెండో నివేదికలో డిస్కౌంట్ రేటు మారిందా? పని చేసే ఏళ్ళు తగ్గాయా? మారిన ప్రతి చోటా మొదటి నివేదికలో మిమ్మల్ని నడిపింది ఆధారమా, అభిమానమా అని చూడండి. అభిమానమైతే దిద్దండి. దిద్దిన అంకె మీ ప్లీడరుకు నచ్చకపోవచ్చు, కేసునుంచి మిమ్మల్ని తప్పించవచ్చు కూడా. తప్పించనివ్వండి.

మన చట్టంలోనూ ఈ సాక్షికి చోటు స్పష్టమైంది. 1872 నాటి ఎవిడెన్స్ యాక్టు 45వ సెక్షన్ విదేశీ చట్టం, శాస్త్రం, కళ, చేతిరాత, వేలిముద్రల గురించే మాట్లాడేది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 39వ సెక్షన్‌లో మరే ఇతర రంగమైనా అన్న మాట చేరింది. కాంపిటీషన్ చట్టం 36వ సెక్షన్ అయితే ఆర్థికశాస్త్ర నిపుణుల్ని పిలిపించుకునే అధికారాన్ని కాంపిటీషన్ కమిషన్‌కు నేరుగా ఇచ్చింది. అయినా జిల్లా ట్రిబ్యునళ్ళలో ఆర్థికవేత్త సాక్ష్యం చాలా అరుదు. పేద కుటుంబానికి నిపుణుడిని పెట్టుకునే స్తోమత ఉండదు, చిన్న క్లెయిముకు అంత అవసరమా అని ప్లీడరూ అనుకుంటాడు. మెకానిక్ ఆదాయాన్నీ, కౌలురైతు భార్య శ్రమనీ, నర్సింగ్ చదువుతున్న అమ్మాయి రేపటి జీతాన్నీ పద్ధతిగా లెక్కగట్టి చెప్పేవాళ్ళు లేక, ఊహించిన అంకెలతోనే చాలా కేసులు ముగుస్తున్నాయి.

ఆంధ్ర, తెలంగాణ యూనివర్సిటీల్లో ఎకనామిక్స్ పీజీ చేస్తున్న పిల్లలకు నా మనవి ఇది. మీ జిల్లా కేంద్రంలో మోటారు యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది. విచారణ బహిరంగంగానే జరుగుతుంది, వెనక బెంచీలో కూర్చుని వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక రోజు వెళ్ళండి. ఒక తీర్పు కాపీ తీసుకుని అందులో ప్రతి అంకెనూ మీరే మళ్ళీ వేసి చూడండి. తేడా వస్తే మీ ప్రొఫెసర్‌కు చూపించండి, సరిగ్గా వేశారని తేలితే పిటిషనర్ల ప్లీడరుకూ ఇన్సూరెన్స్ కంపెనీ ప్లీడరుకూ ఇద్దరికీ చూపించండి. ఇద్దరికీ ఒకే కాగితం.